కాళ్ళు వాచాయని మాత్ర మానేస్తే

ఇంటింటి ఆరోగ్యం

ఆడి నెలలో అమ్మవారికి అంబలి పోసిన ఆదివారం, పట్టాళం వైపు ఒక పెద్దమ్మ ఇంటికి పోయినాను. చెంబు ఎక్కడ పెట్టిందో వెతకతా గూట్లో బిస్కెట్ డబ్బా ఒకటి దించింది. మూత తీస్తే నిండా బీపీ మాత్రలు. మూడు నెలలవి, ఒక్కటీ చిల్లు పడలేదు. మక్కళై తేడి మరుత్తువం అమ్మాయి నెలనెలా ఇంటికొచ్చి ఇస్తా ఉంది, ఈమె నెలనెలా తీసుకుని డబ్బాలో వేస్తా ఉంది.

"వేసుకోకపోతే వద్దని చెప్పొచ్చు గదా పెద్దమ్మా?"

"ఆ పిల్ల ఎండలో పడి వచ్చి ఇస్తుంటే వద్దనేదానికి మనసు రాలేదమ్మా."

"మరి ఎందుకు మానేసినావు?"

చీర కుచ్చిళ్ళు కొంచెం ఎత్తి చీలమండలు చూపించింది. "అవి వేసుకున్నన్నాళ్ళూ సాయంత్రానికి కాళ్ళు ఇట్లా గుమ్మడికాయలయ్యేవి. ఇప్పుడు తగ్గినాయి చూడు. కిడ్నీ పోతా ఉందేమోనని భయమేసింది. ఎదురింటామె కూడా అదే మాటంది."

బీపీ చూస్తే 178/104 ఉంది. ఆమెకు తలనొప్పి లేదు, కళ్ళు తిరగడం లేదు. పొద్దుటి నుంచి నిలబడి అంబలి కాచి వీధికంతా పోసింది.

అదే ఇంట్లో గోడ మీద పెద్దనాయన ఫోటో ఉంది. మిల్లులో వీవింగ్‌లో పనిచేసిన మనిషి. ఆయన కథ నాకు తెలుసు. ఆయనకు బీపీకి ఇచ్చిన మాత్ర వేరే. అది మొదలుపెట్టిన నెల రోజులకు పొడి దగ్గు పట్టుకుంది. కఫం లేదు, జ్వరం లేదు, గొంతులో ఈక పెట్టి తిప్పినట్టు దగ్గు. ఇంట్లోవాళ్ళు దూది దుమ్ము అన్నారు. ఎక్స్‌రే తీశారు, కఫం పరీక్ష చేశారు, ఏమీ లేదన్నారు. ఆయనే ఒకరోజు మాత్రలు ఆపి చూశాడు. రెండు మూడు వారాల్లో దగ్గు పోయింది. "పీడ వదిలింది" అన్నాడు. ఆర్నెల్లకు ఒక తెల్లవారుజామున కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, మాట పోయింది. నాలుగేళ్ళు మంచం మీద ఉండి పోయాడు. మాత్ర మానడం ఒక్కటే కారణమని నేను ఒట్టేసి చెప్పలేను. కానీ పక్షవాతానికి అన్నిటికన్నా పెద్ద దారి అదుపులో లేని బీపీయే.

ఒకే ఇంట్లో ఇద్దరు, రెండు వేర్వేరు మాత్రలు, రెండు వేర్వేరు బాధలు. ఆ రెండు బాధలూ డాక్టర్లకు బాగా తెలిసినవి, రెంటికీ మార్గం ఉంది. వీళ్ళు అడగలేదు, వాళ్ళు ముందుగా చెప్పలేదు. బీపీతో వచ్చిన చిక్కే ఇది. జబ్బు ఒంటికి తెలియదు, మందు తెలుస్తుంది. అందుకని మందే జబ్బు అనిపిస్తుంది. ఈ నెల ఆ మాత్రల సంగతే రాస్తున్నాను.

(మన పేటల్లో బీపీ అంటే పాతవాళ్ళకు ముందు గుర్తొచ్చేది రోగం కాదు, బి.పి. వాడియా. 1918లో సెల్వపతి చెట్టియార్, రామానుజులు నాయుడుగార్లతో కలిసి మద్రాస్ లేబర్ యూనియన్ పెట్టిన మనిషి. ఆ బీపీ గురించి ఇంకోసారి.)

బాయిలర్ హౌస్‌లో పనిచేసినవాళ్ళకు ప్రెషర్ గురించి నేను చెప్పేదేమీ లేదు. ఆడవాళ్ళకు లారీ నీళ్ళ లెక్కలో చెప్తాను. ట్యూబు కొస బొటనవేలితో నొక్కితే నీళ్ళు ఎగజిమ్ముతాయి, అంటే దారి ఇరుకైతే ఒత్తిడి పెరుగుతుంది. పంపు గట్టిగా కొట్టినా పెరుగుతుంది. లోపల నీళ్ళు ఎక్కువున్నా పెరుగుతుంది. ఒంట్లో పంపు గుండె, ట్యూబులు రక్తనాళాలు, నీళ్ళ కొలత చూసేది మూత్రపిండాలు. ఆ మూత్రపిండాలకు ఇంకో పనీ ఉంది. నాళాలు బిగించమని, ఉప్పు పట్టి ఉంచమని ఒంటికి కబురు పంపుతాయి. బీపీ మాత్రలన్నీ ఈ నాలుగు చోట్లలో ఎక్కడో ఒకచోట చెయ్యి పెట్టేవే. ఏ చోట చెయ్యి పెడుతుందో దాన్నిబట్టే ఏ బాధ వస్తుందో ఉంటుంది.

మీ మాత్ర ఏ జాతిదో తెలుసుకోవడానికి ఒక చిన్న ఉపాయం. బడికి పోయే పిల్లను పిలిచి అట్ట వెనక పేరు గట్టిగా చదవమనండి. మొదలు వదిలేసి తోక వినండి. 'డిపిన్' అని ముగిస్తే ఒక జాతి. 'ప్రిల్' అంటే ఇంకొకటి. 'సార్టన్' అంటే దాని తమ్ముడు. 'లాల్' అంటే వేరే. కంపెనీ పేరు పెద్దక్షరాల్లో ఉంటుంది, అది కాదు, కింద చిన్నక్షరాల్లో ఉండే మందు పేరు చదవాలి. టెల్మిసార్టన్ మాత్రల మీద కంపెనీ పేరు పక్కన 'ఎ.ఎం.' అని ఉంటే అమ్లోడిపిన్ కలిసిందని, 'హెచ్' అని ఉంటే నీళ్ళ మాత్ర కలిసిందని మామూలుగా అర్థం. ఒకటే మాత్ర అనుకుంటాం, లోపల రెండు మందులుంటాయి.

పెద్దమ్మది డిపిన్ జాతి. అమ్లోడిపిన్, 10 మిల్లీగ్రాములు. మన వీధుల్లో ఎక్కువమంది వేసుకునేది ఇదే. రక్తనాళాల గోడలో సన్నని కండరం ఉంటుంది. దాని కణాల్లోకి కాల్షియం పోతేనే అది బిగుస్తుంది. ఈ మందు ఆ ద్వారం మూస్తుంది, కండరం సడలుతుంది, నాళం వెడల్పవుతుంది. ఎముకల కాల్షియానికీ దీనికీ సంబంధం లేదు, పాలు మానక్కర్లేదు. నిదానంగా పనిచేసే మందు, ఒంట్లో చాలాసేపు నిలుస్తుంది. అందుకే రెండు రోజులు వేసుకుని "తగ్గలేదు" అనకూడదు. పూర్తి గుణం తెలియడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది.

కాళ్ళెందుకు వాస్తాయంటే, రక్తం తెచ్చే నాళాలను ఈ మందు బాగా వెడల్పు చేస్తుంది, రక్తం తీసుకుపోయే సిరలను అంతగా చెయ్యదు. వచ్చేది ఎక్కువ, పోయే దారి అంతే. నడుమ సన్న నాళాల్లోంచి నీరు ఊరి కండలోకి దిగుతుంది. నీరు పల్లానికి పోతుంది గనక చీలమండల దగ్గర చేరుతుంది. పొద్దున లేచేసరికి తక్కువ, నిలబడి వంట, గిన్నెలు, బట్టలు అయ్యేసరికి ఎక్కువ. మాత్ర మోతాదు పెరిగితే వాపూ పెరుగుతుంది. 5 మీద కంటే 10 మీద ఎక్కువమందికి వస్తుంది. ఇది కిడ్నీ పాడవడం కాదు. పెద్దమ్మ భయపడింది దానికే, అసలు కిడ్నీని పాడుచేసేది మాత్ర మానేసినాక పెరిగిన ఆ 178.

అయితే ప్రతి వాపూ మాత్ర వాపే అనుకోవద్దు. పొద్దున లేచేసరికి ముఖం, కనురెప్పలు ఉబ్బితే, పడుకుంటే ఊపిరాడకపోతే, ఒక కాలే వాచి నొప్పిగా ఉంటే అది వేరే, ఆ రోజే చూపించుకోవాలి. మాత్ర వాపుకు మందుల షాపులో నీళ్ళ మాత్ర అడిగి వేసుకుంటారు కొందరు. దానివల్ల పెద్దగా తగ్గదు, ఎందుకంటే ఒంట్లో నీరు ఎక్కువై వచ్చిన వాపు కాదిది. డాక్టరు చేసేది వేరే. 10ని 5 చేస్తారు, లేదా ప్రిల్ గానీ సార్టన్ గానీ పక్కన కలుపుతారు. అవి సిరలను కూడా సడలిస్తాయి గనక వాపు తగ్గుతుంది. లేదా జాతే మారుస్తారు. ఈ మందుతో మొదట్లో తలనొప్పి, ముఖం వేడెక్కడం రావొచ్చు, కొన్ని రోజుల్లో సర్దుకుంటుంది. చిగుళ్ళు వాచి పళ్ళ మీదికి పెరగడం కూడా కొందరిలో ఉంటుంది. పళ్ళ డాక్టరు దగ్గరికి పోతే బీపీ మాత్ర సంగతి చెప్పండి.

పెద్దనాయనది ప్రిల్ జాతి. ఎనలాప్రిల్. దీని పుట్టుక వింటే ఆశ్చర్యపోతారు. బ్రెజిల్ దేశంలో ఒక పాము కరిస్తే మనిషి బీపీ దబ్బున పడిపోతుంది. ఆ విషంలో ఏముందో వెతకతా పోయి, దాని పోలికలో తయారు చేసినదే కాప్టోప్రిల్. 1981లో అమెరికాలో అమ్మకానికి అనుమతి వచ్చింది. ఎనలాప్రిల్ దాని తరువాతది. (మాత్రలో విషం లేదు, భయపడొద్దు.) మూత్రపిండాలు పంపే బిగించే కబురు ఒంట్లో ఒక ఎంజైమ్ చేతుల మీదుగా తయారవుతుంది. ప్రిల్ మందు ఆ ఎంజైమ్ చేతులు కట్టేస్తుంది. కబురు అందదు, నాళాలు బిగుసుకోవు. షుగర్ ఉండి మూత్రంలో ప్రొటీన్ పోతున్నవాళ్ళకు, గుండె బలహీనమైనవాళ్ళకు ఇది చాలా మేలు చేస్తుంది.

చిక్కల్లా ఏమిటంటే ఆ ఎంజైమ్‌కు ఇంకో ఉద్యోగం కూడా ఉంది. బ్రాడికైనిన్ అనే పదార్థాన్ని అదే విరగ్గొడుతుంది. చేతులు కట్టేస్తే ఆ పదార్థం పేరుకుని గొంతులో, ఊపిరితిత్తుల్లో గిలి పెడుతుంది. అదే పొడి దగ్గు. నూరుమందిలో పదిమందికి అటూ ఇటూ వస్తుంది, మగవాళ్ళకంటే ఆడవాళ్ళకు ఎక్కువ. మాత్ర మొదలుపెట్టిన రోజునే రానక్కర్లేదు, వారాల తరువాతా రావొచ్చు. మాత్ర ఆపితే సాధారణంగా ఒకటి నుంచి నాలుగు వారాల్లో పోతుంది. దగ్గు సిరప్‌లు ఎన్ని తాగినా పోదు.

మిల్లు ఇళ్ళల్లో ఈ దగ్గును పట్టుకోవడం కష్టం, నాకు దిగులు అదే. కార్డింగ్‌లో, స్పిన్నింగ్‌లో దూది పీల్చిన ఛాతీలు మనవి. దగ్గితే ఎవరికీ వింతగా ఉండదు. పైగా రెండు వారాలు దాటిన దగ్గుకు క్షయ పరీక్ష చేయించుకోవలసిందే, దాన్ని వద్దనను. పరీక్షలో ఏమీ లేదని తేలినాక, "నేను ప్రిల్ మాత్ర వేసుకుంటున్నాను, దానివల్లనా?" అని ఒక్క మాట అడగాలి. పెద్దనాయన అడిగి ఉంటే దాని తమ్ముడిని రాసేవాళ్ళు, సార్టన్‌ను. లోసార్టన్, టెల్మిసార్టన్ ఆ జాతివి. ఇవి ఎంజైమ్ జోలికి పోవు. కబురు తయారైనా, అది చేరే తలుపు దగ్గర అడ్డం నిలబడతాయి. బ్రాడికైనిన్ పేరుకోదు, దగ్గు చాలా అరుదు. పని దాదాపు ప్రిల్ చేసే పనే.

ఈ అన్నదమ్ములిద్దరికీ మూడు జాగ్రత్తలు ఒకటే. పొటాషియం పెరగొచ్చు, కిడ్నీ పని కొంచెం మారొచ్చు. అందుకని మొదలుపెట్టినాక రెండు వారాలకో నెలకో రక్త పరీక్ష చేయిస్తారు, దాన్ని డబ్బు దండగ అనుకోవద్దు. సోడియం తక్కువ ఉప్పు అని అంగడిలో అమ్మేదాంట్లో పొటాషియం కలుపుతారు. ఈ మాత్రలు వేసుకునేవాళ్ళు, ముఖ్యంగా కిడ్నీ బలహీనమైనవాళ్ళు డాక్టరును అడగకుండా అది వాడొద్దు. రెండోది, పెదవులు, నాలుక, ముఖం ఉన్నట్టుండి ఉబ్బితే ఆలస్యం చెయ్యకుండా 108కి ఫోన్ చెయ్యాలి. అరుదు, కానీ ప్రాణం మీదికొస్తుంది. ప్రిల్‌తోనే ఎక్కువ. మూడోది మన కోడళ్ళకు, కూతుళ్ళకు. కడుపుతో ఉన్నవాళ్ళు ప్రిల్, సార్టన్ రెండూ వేసుకోకూడదు, బిడ్డ కిడ్నీలు దెబ్బతింటాయి. కడుపు నిలిచిందని అనుమానం వచ్చిన రోజే డాక్టరుకు చెప్తే లాబెటలాల్, మిథైల్‌డోపా లాంటివి మారుస్తారు. మీ అంతట మీరు అన్నీ ఆపేసి కూర్చోవద్దు, కడుపుతో ఉన్నప్పుడు బీపీ పెరిగితే తల్లికీ బిడ్డకీ గండం.

నీళ్ళ మాత్రలు పాతవి, చవకవి. హైడ్రోక్లోరోథయజైడ్, క్లోర్‌థాలిడోన్. ఉప్పును, నీళ్ళను మూత్రంలో బయటికి పంపుతాయి. పొద్దున వేసుకోవాలి, రాత్రి వేసుకుంటే వీధి చివర కక్కూసుకు తిరగడమే పని. సోడియం, పొటాషియం తగ్గొచ్చు. డెబ్బై దాటిన అవ్వ ఉన్నట్టుండి తికమకగా మాట్లాడితే, తూలితే, వయసు అనుకోకుండా సోడియం పరీక్ష అడగండి. యూరిక్ యాసిడ్ పెరిగి కాలి బొటనవేలు వాచి నొప్పి పుట్టొచ్చు, షుగర్ కొంచెం పెరగొచ్చు. అగ్ని నక్షత్రం ఎండల్లో వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ఈ మాత్ర, ప్రిల్, సార్టన్ వేసుకునేవాళ్ళు అదే రోజు డాక్టరును అడగాలి. ఒంట్లో నీరు లేనప్పుడు ఇవి కిడ్నీని ఇబ్బంది పెడతాయి, రెండు మూడు రోజులు ఆపమనొచ్చు.

లాల్ జాతి పంపును నిదానిస్తుంది. అటెనోలాల్, మెటోప్రోలాల్. గుండె కొట్టుకోవడం తగ్గుతుంది, బలంగా కొట్టడం తగ్గుతుంది. ఒకప్పుడు బీపీ అంటే అటెనోలాలే. 2006లో బ్రిటన్ వైద్య మార్గదర్శకాల్లో వట్టి బీపీకి దీన్ని మొదటి వరసలోంచి తప్పించారు, పక్షవాతాన్ని ఆపడంలో మిగతావాటికంటే వెనకబడిందని. గుండెపోటు వచ్చినవాళ్ళకు, గుండె దడ ఉన్నవాళ్ళకు మాత్రం ఇప్పటికీ విలువైనదే. నీరసం, చేతులు కాళ్ళు చల్లబడటం, నాడి మరీ తగ్గడం దీని బాధలు. ఉబ్బసం ఉన్నవాళ్ళకు పిల్లికూతలు పెంచుతుంది. దూది దుమ్ము ఛాతీ ఉన్నవాళ్ళు ఆ మాట ముందే చెప్పాలి. షుగర్‌కు ఇన్సులిన్ వేసుకునేవాళ్ళకు షుగర్ పడిపోయినప్పుడు వచ్చే గుండెదడ తెలియకుండా పోతుంది, చెమట మాత్రం పడుతుంది, దాన్ని కనిపెట్టుకోవాలి. మగవాళ్ళు బయటికి చెప్పని ఇబ్బంది ఒకటుంది, సంసార విషయం. లాల్‌తోనూ, నీళ్ళ మాత్రతోనూ అది రావొచ్చు. ఎంతమంది దానికోసమే మాత్ర మానేశారో వాళ్ళ భార్యలకే తెలుసు. డాక్టరుకు కొత్త కాదు అన్నా, చెప్పండి, మార్చడానికి వేరే జాతులున్నాయి.

లాల్‌ను మాత్రం ఒక్కసారిగా ఆపకూడదు. ఇన్నాళ్ళు పట్టి ఉంచిన గుర్రాన్ని వదిలినట్టు గుండె పరుగెత్తుతుంది, గుండెనొప్పి కూడా రావొచ్చు. క్లోనిడిన్ అనే మాత్రా అంతే, ఆపితే బీపీ ఎగదన్నుతుంది. ప్రాజోసిన్ మొదటిసారి వేసుకున్న రాత్రి లేచి నిలబడితే కళ్ళు తిరిగి పడొచ్చు, మంచం మీద కాసేపు కూర్చుని లేవాలి.

నాటు మందు అయితే ఏ బాధా ఉండదు గదా అని అడుగుతారు. సర్పగంధి వేరు మన దేశపు మందే. బొంబాయి డాక్టరు రుస్తుం జాల్ వకీల్ 1949లో దాని గురించి బ్రిటిష్ పత్రికలో రాశాక ప్రపంచమంతా బీపీకి వాడింది. దాన్నుంచి తీసిన రిసర్పిన్‌తో ముక్కు దిబ్బడ, మనసు కుంగిపోవడం వచ్చేవి. వేరైనా మాత్రైనా పనిచేసే మందు ఎక్కడో ఒకచోట ఒంటిని తాకుతుంది.

ఇంకొకటి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. మోకాళ్ళ నొప్పికి షాపులో అడిగి వేసుకునే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి బీపీని పెంచుతాయి. ప్రిల్ లేక సార్టన్, నీళ్ళ మాత్ర, పైన ఈ నొప్పి మాత్ర, మూడూ కలిస్తే కిడ్నీకి నిజంగానే ప్రమాదం. కిడ్నీ భయంతో బీపీ మాత్ర మానేసి, రోజూ నొప్పి మాత్ర మింగే ఇళ్ళు నేను చూశాను. పెద్దమ్మ కూడా, అడిగితే, కొంగుముడిలోంచి రెండు తీసింది.

మరుసటి రోజు ఆమెను కార్పొరేషన్ ఆసుపత్రికి తీసుకుపోయినాను. చీటీ మీద మూడే మాటలు రాసి పెట్టుకున్నాం: ఏ మాత్ర, ఎన్నాళ్ళ నుంచి, ఏ బాధ. డాక్టరమ్మ చదివి, "వేసుకోవడం లేదని చెప్పినారే, అదే మేలు" అంది. వేసుకుంటున్నానని అబద్ధం చెప్పి ఉంటే, 178 చూసి 10 మీద ఇంకో మాత్ర పెంచేవాళ్ళు. అమ్లోడిపిన్ 5కు దించి లోసార్టన్ కలిపింది. నొప్పికి పారాసిటమాల్ ఇచ్చింది, మోకాళ్ళకు వ్యాయామం చూపించింది. రెండు వారాలకు రక్త పరీక్ష బాగుంది. నెల దాటినాక బీపీ 138/84. చీలమండల వాపు పూర్తిగా పోలేదు, సాయంత్రం కొంచెం ఉంటా ఉంది. రాత్రి కాళ్ళ కింద దిండు పెట్టుకుంటుంది.

డబ్బాలోని పాత మాత్రలు ఎదురింటామెకు ఇచ్చేస్తానంది, పారేస్తే పాపమని. ఆమెకు ఏ మాత్ర రాసి ఉందని అడిగితే ఇద్దరికీ తెలియదు. మనవరాలిని పిలిచి ఎదురింటామె అట్ట చదివిస్తే తోక 'లాల్'. ఆమెకు చలికాలంలో ఉబ్బసం ఉంది. పాత మాత్రలు మక్కళై తేడి మరుత్తువం అమ్మాయికే తిరిగి ఇచ్చేశాం. ఎదురింటామె చీటీ రాసుకుని వచ్చే సోమవారం నాతో వస్తానంది.

వచ్చే నెల ఎండు చేపలు, అప్పడాలు, ఊరగాయలు. తిట్టుకోవద్దు.